బుగ్గల కంటిన్యూటీ

ఆ వేసవిలో మా సాహితి బుగ్గలు చూసి ముచ్చటపడని వెధవ ఫిల్మ్‌నగర్ మొత్తం మీద ఒక్కడు లేడు. గిల్లినవాళ్ళు గిల్లారు, ముద్దు పెట్టుకున్నవాళ్ళు పెట్టుకున్నారు. "పాలూ వెన్నా బాగా పెడుతున్నట్టున్నావే" అని నన్ను మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అవి పాలూ కాదు, వెన్నా కాదు. స్టెరాయిడ్ మాత్రలు. నాలుగో ఏట పిల్లకి కీళ్ళ జబ్బు వచ్చింది. పొద్దున లేచేసరికి మోకాళ్ళు బిగుసుకుపోయి, మణికట్లు వాచిపోయి మంచం దిగలేకపోయేది. సాయంత్రమయ్యేసరికి జ్వరం. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి సొంత కీళ్ళ మీద తిరగబడుతుందనీ, ఇది పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవలసిన జబ్బనీ డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు మొదలుపెట్టాక నొప్పి తగ్గింది. దాంతోపాటు ఆకలి పెరిగింది, ముఖం ఉబ్బింది. ఆ ఉబ్బునే వీళ్ళు అందం అన్నారు.

తొంభై మూడు వేసవి అది. మా ఆయన సత్యనారాయణమూర్తి కో-డైరెక్టరు. అంటే డైరెక్టరు గారు నిద్ర లేచేలోపు సగం పని చేసిపెట్టి, ఆయన లేచాక ఆ పని ఆయనే చేశారని పదిమందికీ చెప్పే ఉద్యోగం. మద్రాసులో వయసంతా దానికే ధారపోసి, సినిమావాళ్ళంతా హైదరాబాదు వచ్చేస్తుంటే వాళ్ళ వెనకే మమ్మల్నీ తీసుకొచ్చారు. రహమత్ నగర్‌లో మేడ మీద రెండు గదులు మావి. ఎక్కడుంటున్నారని ఎవరైనా అడిగితే మాత్రం "శ్రీనగర్ కాలనీ వెనకాలే" అనేవారు. ఆ వెనకాలకి ఎంత దూరం నడవాలో అడిగినవాళ్ళకి చెప్పేవారు కాదు.

ఉగాది వెళ్ళాక జూబ్లీహిల్స్‌లో ప్రొడ్యూసర్ సుబ్బరామయ్య గారింట్లో కొత్త సినిమాకి పూజ. గుంటూరు వైపు పొగాకు వ్యాపారం చేసి, ఆ డబ్బుతో ఇక్కడ కళకి సేవ చేస్తున్న మనిషి. రాహుకాలం చూడనిదే కారు బయటికి తీయడు. పూజకి కుటుంబాలతో రమ్మన్నారని మా ఆయన మమ్మల్ని తీసుకెళ్ళారు. హారతి అయిందో లేదో, ఆయన భార్య శ్యామలాదేవి మా పిల్ల బుగ్గ రెండు వేళ్ళతో పట్టుకుని వదల్లేదు.

"ఏం పెడుతున్నావమ్మాయ్ దీనికి?"

"మాత్రలండీ," అన్నాను.

"భలేదానివే!" అని ఆవిడ నవ్వింది. ఆ ఇంట్లో నిజం చెప్తే హాస్యం కింద చెల్లిపోతుందని ఆ పూటే తెలిసింది.

డైరెక్టర్ వెంకటేశ్వరరావు అప్పటికే మా పిల్ల ముందు గొంతుకూర్చుని, రెండు చేతుల వేళ్ళూ కలిపి చట్రంలా పెట్టి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. "సుబ్బరామయ్య గారూ, మనం మూడు జిల్లాలు వెతికిన పిల్ల ఇక్కడే ఉందండీ! ఈ బుగ్గలు చూసి తాత మనసు కరక్కపోతే అడగండి," అన్నాడు. ప్రేమ పెళ్ళి చేసుకున్న కూతురిని వెళ్ళగొట్టిన జమీందారు, మనవరాలి బుగ్గలు చూసి కరిగిపోతాడట. కథంతా అంతే. ఆ మాత్రం దానికి మనుషులు ఆర్నెల్లు హోటల్ గదుల్లో కూర్చుని ఆలోచించారు.

మా ఆయన నా వైపు చూడలేదు. "తప్పకుండా సార్," అనేశారు.

తిరిగి వస్తూ ఆటోలో అడిగాను. "నాతో ఒక్క మాట అనాలనిపించలేదా మీకు?"

"అడిగితే వద్దంటావు కదా, పుష్పా."

"అలా అంటాననే కదండీ అడగాల్సింది."

"ఈ పిక్చర్ సవ్యంగా పూర్తయితే నెక్స్ట్ పిక్చర్ డైరెక్షన్ నాకే ఇస్తానన్నారు సుబ్బరామయ్య గారు. దేవుడి పటం ముందు నిలబడి అన్నారు."

"ఆ దేవుడికి కూడా ఏదో వేషం ఇస్తామని చెప్పే ఉంటారు," అన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నారు. సాహితి మా ఇద్దరి మధ్యా కూర్చుని, పూజలో ఇచ్చిన లడ్డూ తింటోంది. తనదైపోగానే నా చేతిలోదీ తీసుకుంది.

డాక్టరమ్మ వద్దంటుందనుకున్నాను. వద్దనలేదు. కీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి, పిల్ల అలిసిపోకుండా, ఎండ తగలకుండా చూసుకుంటే సరదాగా ఉంటుందిలే అంది. ఆ మాట మీదే ఇంకో మాట చెప్పింది. రక్తపరీక్ష బాగా వచ్చింది కాబట్టి ఇక మాత్ర కొంచెం కొంచెంగా తగ్గిద్దామంది. ఒక్కసారిగా ఆపకూడదు, తగ్గించకుండా ఏళ్ళ తరబడి వాడనూ కూడదు. ఎముకలు గుల్లబారతాయి, ఎదుగుదల ఆగిపోతుంది, కళ్ళకీ ప్రమాదం. "ఈసారి దింపేద్దాం అమ్మా. నిదానంగా దింపేద్దాం," అంది. ఆ మాట కోసం నేను రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. ఇంటికొచ్చి సేమ్యా పాయసం చేసి, కింద ఉండే మా ఇంటి ఓనరు భూలక్ష్మికి కూడా గిన్నెడు ఇచ్చాను.

"ఏంది సంబరం? పోరికి సిన్మా దొరికిందనా?" అంది భూలక్ష్మి. అప్పటికే బస్తీ అంతా చాటింపు వేసేసింది.

"కాదండీ. మాత్రలు తగ్గిస్తారట."

"గందుకా? జర గుట్ట నర్సింహస్వామికి మొక్కుకో బిడ్డా. ఎంటికలు ఇస్తనని మొక్కు. నువ్వేమో మాత్రలు, పరీక్షలు అంటవు. రెండేండ్ల సంది చెప్తున్న నీకు." ఆవిడ నిజంగానే రెండేళ్ళుగా చెబుతోంది. చెప్పినప్పుడల్లా నేను తల ఊపి మేడెక్కేసేదాన్ని.

ఏప్రిల్ అంతా స్టూడియోలో ఇంటి సెట్టు వేసి తీశారు. అబద్ధమెందుకు, సాహితికి బాగా నచ్చింది. తనని చూడగానే నొప్పి ఎక్కడ, ఎంత అని అడిగే పెద్దవాళ్ళనే చూసిన పిల్లకి, నవ్వు, పరుగెత్తు, ఇంకోసారి అనే పెద్దవాళ్ళు దొరికారు. తాత వేషం వేసినాయన మీసం పట్టుకు లాగితే చప్పట్లు కొట్టేవారు. మా ఆయన కెమెరా పక్కన నిలబడి ప్రాంప్టింగ్ ఇచ్చేవారు. ఆయన ఒక్కో ముక్కా అందిస్తుంటే పిల్ల ఒక్కో ముక్కా చెప్పేది. తండ్రీ కూతుళ్ళని అలా చూస్తుంటే నాకూ ముచ్చటేసింది. ఆ ముచ్చట మే నెల దాకా నిలిచింది.

మే నెలలో బుగ్గలు తగ్గాయి. ముందు కళ్ళ కింద ఉబ్బు పోయింది. తర్వాత ఒకరోజు తల దువ్వుతుంటే గడ్డం కనిపించింది. మా అమ్మ గడ్డం, కొంచెం కోలగా, మధ్యలో చిన్న నొక్కు. నా కూతురికి అలాంటి గడ్డం ఉందని నేను మర్చిపోయాను. దువ్వెన అక్కడే పెట్టి దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చాను. "జడ లాగిందా అమ్మా?" అంది అది. జడ దానిది, ఏడుపు నాది!

సినిమావాళ్ళు కూడా ఏడ్చారు. కథలో పిల్ల తాత మీద అలిగి గుమ్మం దాటి పరుగెత్తాలి. గుమ్మం లోపలిది ఏప్రిల్‌లో స్టూడియోలో తీశారు. గుమ్మం బయటిది మే నెలలో, జూబ్లీహిల్స్‌లో అద్దెకి తీసుకున్న బంగళా ముందు తీశారు. తీసినవన్నీ వరసగా అతికించి వేసుకుని చూస్తే, బూరెబుగ్గల పిల్ల గుమ్మం లోపల పరుగు మొదలుపెట్టింది, కోలముఖం పిల్ల గుమ్మం బయటికొచ్చింది. ఇలా ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ పొసగకపోవడాన్ని వాళ్ళు కంటిన్యూటీ పోవడం అంటారు. దేశంలో ఏం పోయినా పట్టదు గానీ, అది పోతే ఇంటిల్లిపాదికీ అన్నం దిగదు.

"ఈ పిల్లెవరయ్యా?" అని సుబ్బరామయ్య గారు అరిచారట. "గుమ్మం దాటేలోపు ఏం జబ్బు చేసింది దీనికి?" ఆ గదిలో ఉన్న అంతమందిలో, జబ్బు తగ్గిందండీ అని చెప్పినవాడు లేడు. మా ఆయన కూడా చెప్పలేదు.

మర్నాడు మేకప్ మాన్ పిల్ల నోట్లో రెండు పక్కలా దూది ఉండలు కుక్కాడు. "తాతయ్యా" అనబోయి దానికి పొలమారింది. నేనే వెళ్ళి దాని నోట్లో వేలు పెట్టి ఆ దూది బయటికి లాగి అతని చేతిలో పెట్టాను. ఆ రోజుకి షూటింగ్ ఆగిపోయింది.

వారం తిరక్కుండా శ్యామలాదేవి మమ్మల్ని భోజనానికి పిలిచింది. గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, గారెలు, అన్నీ దగ్గరుండి వడ్డించింది. పెరుగన్నం దాకా ఎవరూ విషయం ఎత్తలేదు. పెరుగన్నంలో ఆవకాయ ముక్క నలుపుకుంటూ వెంకటేశ్వరరావు మొదలుపెట్టాడు.

"చూడమ్మా, మిగిలింది కొంచెమే. ఆ మాత్రలేవో ఉన్నాయట కదా, అవి మళ్ళీ పాత లెక్కలో ఒక నెల వేస్తే పాపకి మునుపటి గ్లామర్ వచ్చేస్తుంది."

మాత్రల సంగతి వీడికెలా తెలుసు? మా ఆయన వైపు చూశాను. విస్తట్లో తల పెట్టి అన్నం కలుపుతున్నారు.

"అది గ్లామర్ కాదండీ, వాపు," అన్నాను. "ఆ మాత్ర తగ్గించడానికి రెండేళ్ళు పట్టింది."

"కొత్త మందేం కాదు కదమ్మాయ్, వాడిందే కదా!" అంది శ్యామలాదేవి. "ఇంట్లో పెళ్ళిళ్ళొస్తే మా వారు బీపీ బిళ్ళ ఒకటి ఎక్కువే వేసుకుంటారు. ఏమయింది? గుండ్రాయిలా ఉన్నారు."

సుబ్బరామయ్య గారు గుండ్రాయిలాగే కూర్చుని ఉన్నారు. "అమ్మా, నాకూ మనవలున్నారు. పిల్లకి కష్టం కలిగే పని చెప్తానా?" అన్నారు. "ఒక్క నెల. మూర్తి భవిష్యత్తు కూడా ఆలోచించు."

"మీ గుమ్మం అతకడానికి మా పిల్ల ఎముకలు ఇవ్వనండీ," అన్నాను. గారె ఒకటి సగం తిని ఉన్నాను. అక్కడే వదిలి లేచాను.

ఇంటికొచ్చాక మా ఆయన చొక్కా విప్పుతూ, "సరేలే. నీ మాటే కానీ," అన్నారు. నేను నమ్మాను. ఆయన అంత తొందరగా నా మాట విన్నది అంతకుముందు ఎప్పుడూ లేదు, అదైనా గుర్తుకు రావలసింది.

మళ్ళీ షూటింగులు మొదలయ్యాయి. పిల్ల ముఖం కనిపించని షాట్లు తీస్తున్నామని, ఎండల్లో నువ్వెందుకని, తనే పొద్దున్నే తీసుకెళ్ళి మధ్యాహ్నానికి తీసుకొచ్చేవారు. ఎంత శ్రద్ధ! గొడుగు పట్టేవారు, ఫ్లాస్కులో పాలు తనే పోసుకునేవారు.

ఒక ఆదివారం పొద్దున సాహితికి దోసెలు వేస్తున్నాను. రెండు తింది. ఆ మధ్య రెండు తింటే గొప్ప. "ఇంకోటి వెయ్యమ్మా," అంది. వేశాను. అదయ్యాక ఇంకోటి అంది. అదీ తిని, పచ్చడి గిన్నె వేలితో నాకుతూ పెనం వైపే చూస్తోంది. మామూలు ఆకలికి పిల్లలు అలా చూడరు. ఆ ఆకలి ఆ మాత్రలది. ఆ చూపుతో నేను రెండేళ్ళు కాపురం చేశాను.

స్టవ్ ఆపేశాను. దాని పక్కన కూర్చుని, "నాన్న పాలల్లో ఏమైనా కలిపిస్తున్నారా తల్లీ?" అన్నాను.

అది రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. "చెప్పకూడదు. అది షాట్."

"ఏం షాట్?"

"అమ్మకి తెలియకుండా యాక్ట్ చెయ్యాలి. బాగా చేస్తే కట్ చెప్పాక చాక్లెట్ ఇస్తానన్నారు నాన్న." ఆగి, "నేను బాగా చేశానా అమ్మా?" అంది.

"చాలా బాగా చేశావు," అన్నాను. ఇన్నేళ్ళుగా డైరెక్షన్ ఛాన్సు కోసం తపించిన మనిషి తీసిన మొదటి సీను అది. నటి ఆరేళ్ళది, ప్రేక్షకురాలిని నేను. టేకు మీద టేకు తీసినట్టున్నారు, నాకు మాత్రం పెనం ముందు కూర్చునే దాకా తెలియలేదు.

ఆయన వరండాలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. నేను వెళ్ళి నిలబడగానే నురగ ముఖంతో నా వైపు తిరిగారు. ఏమీ అడగక్కర్లేకపోయింది.

"డాక్టర్ రాసిందే కదా వేశాను. విషం పెట్టలేదు కదా," అన్నారు. "నేను దాని తండ్రిని కానా?"

"అదే నేనూ చూస్తున్నాను," అన్నాను. ఆ రోజే మాత్రల డబ్బా తీసుకెళ్ళి కింద భూలక్ష్మి బీరువాలో పెట్టి తాళం వేయించాను. ఆ తర్వాత ఆయన చేత్తో ఆ పిల్లకి ఏ మందూ వెళ్ళలేదు, ఈనాటికీ.

పిల్లని తీసుకెళ్తే డాక్టరమ్మ దాని బీపీ చూసింది. పెరిగింది. "ఎవరు పెంచమన్నారమ్మా డోసు?" అంది.

"ప్రొడ్యూసర్ గారండీ," అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నా ముఖంలోకి చూసింది. నేను హాస్యమాడటం లేదని ఆ ఊళ్ళో కనిపెట్టిన మొదటి మనిషి ఆవిడే. చాలాసేపు తిట్టింది. ఆ తిట్లు వినాల్సినవాళ్ళు అక్కడ లేరు. ఇప్పుడు ఆపేయడానికి వీల్లేదని, మళ్ళీ పై మెట్టు నుంచి, ఇదివరకటి కంటే నెమ్మదిగా దిగాలని చెప్పి పంపింది. అంటే వేసవి అంతా మేము దిగిన మెట్లు మళ్ళీ ఎక్కించేశారు.

ఇక పంపనని చెప్పాను. ఊరుకుంటారా? మేనేజరు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. వెంకటేశ్వరరావు వచ్చి, కళాకారుల కష్టం గురించి గంటసేపు మాట్లాడి రెండు కాఫీలు తాగాడు. సినిమా ఆగితే మూర్తికి ఈ ఊళ్ళో ఇంకెవరూ పని ఇవ్వరని శ్యామలాదేవి కబురు పంపింది. మా ఆయన అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. డాక్టరు మాట అంటే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దామంటారు. తల్లి మాట అంటే ఆడవాళ్ళకేం తెలుసంటారు. వీళ్ళు ఎదురు చెప్పలేని మాట భూమ్మీద ఏదైనా ఉందా అనుకుంటూ మెట్ల మీద కూర్చున్నాను.

"గందుకే చెప్పిన, గుట్టకు మొక్కుకోమని. ఇన్నవా?" అంది కింద బియ్యం ఏరుతున్న భూలక్ష్మి.

ఈసారి విన్నాను. షెడ్యూలు షెడ్యూలుకీ గుమ్మడికాయ కొట్టేవాళ్ళు, కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్ళు, పటం ముందు నిలబడి మాటిచ్చేవాళ్ళు! "రేపు గుట్టకి బస్సు ఎన్నింటికండీ?" అన్నాను. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టి, "నిజంగనా?" అంది.

ముగ్గురం వెళ్ళాం. బస్సులో సాహితిని అడిగాను, జుట్టు దేవుడికి ఇచ్చేద్దామా అని. రెండు జడలూ ముందుకి వేసుకుని చూసుకుంది.

"మళ్ళీ వస్తుందా?"

"వస్తుంది."

"అయితే ఇచ్చేద్దాం," అంది. కొత్త బ్లేడు నేనే కొని పట్టుకెళ్ళాను. మొదటి పాయ తెగి ఒళ్ళో పడ్డప్పుడు అది కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏడవలేదు. నేను ఏడ్చాను. నాకు ఆ దేవుడి మీద కోపం లేదు, ప్రత్యేకంగా నమ్మకమూ లేదు. ఆ పూట మాత్రం దణ్ణం పెట్టుకుని, నీ పేరు వాడుకుంటున్నాను, ఏమీ అనుకోకు అన్నాను. భూలక్ష్మి దాని గుండుకి గంధం పట్టించి, రెండు చేతులతో దిష్టి తీసి మెటికలు విరిచింది.

మర్నాడు పొద్దున నేనే పిల్లని జూబ్లీహిల్స్ బంగళాకి తీసుకెళ్ళాను. మేము గేటు లోపలికి రాగానే అందరూ పిల్ల గుండు వైపు తిరిగారు. సుబ్బరామయ్య గారు కుర్చీలోంచి లేచి, "ఏంటమ్మా ఇది! ఎవరి..." అని అరవబోయారు.

"యాదగిరిగుట్ట నరసింహస్వామి మొక్కండీ," అన్నాను. "పిల్లకి నయమైతే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. ఆలస్యం చేస్తే ఆగ్రహిస్తాడన్నారు."

ఆయన చెప్పులు విప్పి, లెంపలు వేసుకుని, మా పిల్ల గుండుకి దణ్ణం పెట్టారు. శ్యామలాదేవి పసుపు కుంకుమ తెమ్మని లోపలికి కేకేసింది. ఆ క్షణం నుంచి బుగ్గల మాట ఎత్తినవాడు లేడు. ఎత్తితే స్వామికి కోపం రాదూ!

వెంకటేశ్వరరావు మాత్రం గుంజకి ఆనుకుని కాసేపు గోళ్ళు కొరికి, ఉన్నట్టుండి చిటికె వేశాడు. "మొక్కు సీను పెడదాం! తాత మనవరాలిని కొండకి తీసుకెళ్తాడు. గుండుతో తిరిగొస్తుంది. గుండు చేయిస్తే పిల్లల ముఖం ఎలాగూ చిన్నబోతుంది, ఎవడికీ అనుమానం రాదు!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల ఒంట్లోకి మళ్ళీ మందు ఎక్కించకముందే, ఈ ముక్క తట్టడానికి వాళ్ళకి బుర్ర లేకపోయింది. మిగిలిన షాట్లు నీడలో, నా కళ్ళ ముందు, డాక్టరమ్మ చెప్పిన డోసు మీదే తీయాలన్నాను. అన్నిటికీ తల ఊపారు.

"మూర్తీ, నీ ఇల్లాలు మహా తల్లి అయ్యా. నెక్స్ట్ పిక్చర్ నీదే పో!" అన్నారు సుబ్బరామయ్య గారు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. అంతమందిలోంచి గబగబా వచ్చి సాహితి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి నిజం నీళ్ళే, నేను కాదనను. రెండు చేతులూ చాచి, "రామ్మా బంగారూ! నాన్న మీద కోపం లేదు కదూ?" అన్నారు.

అది కదల్లేదు. నా కొంగు పట్టుకుని ఆయన ముఖంలోకి చూసింది, చుట్టూ ఉన్నవాళ్ళని చూసింది, కెమెరా వైపు చూసింది.

"నాన్నా, ఇది నిజంగానా, షాటా?" అంది.

ఇన్నేళ్ళుగా ఎంతమంది నోటికో మాటలు అందించిన మనిషికి దానికి మాత్రం మాట దొరకలేదు. నేనూ అందించలేదు.